నీరు కదలని చోటు

లాండ్రీ పని బయటివాళ్ళు అనుకునేంత తేలిక కాదు. బట్ట ఉతకడం ఎవరికైనా వచ్చు. మరకను చూడగానే అది దేనిదో, ఏ నీళ్ళకు లొంగుతుందో, దేనికి మొండికేస్తుందో పసిగట్టడం ఆ పనిలో తలపండినవాళ్ళకే వస్తుంది. జిడ్డుకు వేడినీళ్ళు కావాలి. తుప్పుకు పులుపు కావాలి. రక్తానికి మాత్రం చన్నీళ్ళు, ఉప్పు. రక్తం మీద వేడినీళ్ళు పోస్తే అది బట్టను పట్టుకుని ఇక జన్మలో వదలదు.

ఆ వీధి చివర రేకుల షెడ్డులో నడిచే లాండ్రీకి లాడ్జీల నుంచీ, ఆసుపత్రుల నుంచీ మూటలు వచ్చేవి. దాని యజమానిని అందరూ గంజి మేస్త్రి అనేవారు. దుప్పటికి గంజి పెట్టడంలో ఆయనకు సాటి లేరు కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆయన అనుకునేవాడు. మనిషే గంజిపెట్టి ఆరేసినట్టు బిర్రుగా ఉంటాడని పెట్టారన్న సంగతి ఆయన ముందు ఎవరూ అనలేదు.

"మేస్త్రి ఎప్పుడూ నవ్వడేంటే?" అని మడత బల్ల దగ్గర కొత్తగా చేరినామె అడిగింది.

"నవ్వితే మడత నలుగుతుందని" అంది పక్కనున్న పొట్టామె. బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్ళు దుప్పటంచు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

మేస్త్రి తండ్రి నాటి నుంచీ ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. మరకను చూడాలి, మనిషిని అడగకూడదు. మూట విప్పినప్పుడు ఏం కనిపించినా సరే, అది ఎవరిది, ఎలా అయింది అన్న మాట పైకి రాకూడదు. "మన నోరు జారితే ఒకళ్ళ కాపురం జారుతుంది" అనేవాడు మేస్త్రి. ఒకసారి ఒక పనిమనిషి లాడ్జీ దుప్పటి గురించి బయట వాగిందని తెలిసి ఆ పూటే పంపేశాడు. అది మంచి కట్టుబాటే. దానివల్లే ఊరు ఆ లాండ్రీని నమ్మింది. కానీ షెడ్డులో ఉంచవలసిన కట్టుబాటును ఆయన ఇంట్లోకి కూడా తెచ్చుకున్నాడు. ఈ కథ దాని గురించి.

ఇల్లు షెడ్డు వెనకే. మేస్త్రి, ఆయన భార్య, భర్త పోయాక తమ్ముడి దగ్గరకు వచ్చేసిన అక్క, ఆ ముగ్గురే ఉండేవారు. ఒక్కగానొక్క కూతురు పెళ్ళయి దూరాన పట్నంలో ఉంది, బడిలో పాఠాలు చెబుతుంది. మేస్త్రి భార్య పని మూటలు విప్పి బట్టలు వేరుచేయడం. తెల్లవి ఒక వైపు, రంగువి ఒక వైపు, మరకలున్నవి ముందు తొట్టిలో. చేతులు సోడాకు పాలిపోయి, గోళ్ళు మెత్తబడి ఉండేవి. ఎక్కువ మాట్లాడేది కాదు. మాట్లాడితే మాత్రం చమత్కారంగా మాట్లాడేది.

ఆమెకు ముట్టు ఆగిపోయి చాలాకాలమైంది. అలాంటిది మళ్ళీ రక్తం కనిపించడం మొదలైంది. మొదట చుక్కలుగా. తర్వాత చుక్కలుగా కాదు. ఆమె అందరికంటే ముందు లేచి, పెరటి కుళాయి దగ్గర తన బట్టలు తనే చన్నీళ్ళలో నానబెట్టి, ఉప్పు రుద్ది, పిండి, ఎవరూ చూడని మూల ఆరేసేది. ఇల్లంతా లాండ్రీ, షెడ్డు నిండా యంత్రాలు, అయినా ఆమె బట్టలు మూటలో కలవడం మానేశాయి.

మరకలు చూసి బతికే ఇంట్లో అది దాగుతుందా? వంటింట్లో ఉప్పు డబ్బా తరచూ ఖాళీ అవుతోంది. మేస్త్రి అది చూశాడు. కుళాయి కింద బండ మీద నీళ్ళ రంగు కూడా ఒకసారి చూశాడు. ఒక సాయంత్రం బజారు నుంచి వస్తూ పెద్ద ఉప్పు సంచి తెచ్చి, ఏమీ అనకుండా వంటింటి గడప లోపల పెట్టి వెళ్ళిపోయాడు. భార్య ఆ సంచి వంక చాలాసేపు చూసింది. తర్వాత మూతి విప్పి డబ్బా నింపుకుంది.

ఆడబిడ్డకు మాత్రం చెప్పింది, అదీ గొంతు తగ్గించి.

"వదినా, నాకు మళ్ళీ కనిపిస్తోంది."

"కనిపిస్తే కనిపించనీవే. ఒంట్లో ఇంకా సత్తువుందన్నమాట" అంది ఆడబిడ్డ తువ్వాళ్ళు మడుస్తూ. "ఆరిపోయే దీపం ఒక్కసారి పెద్దగా వెలగదూ? అంతే. మా అత్తకీ ఇలాగే అయి, దానంతటదే పోయింది."

"నడుం కూడా లాగేస్తోంది."

"రోజంతా వంగి పనిచేస్తే లాగదా? నాకు లాగట్లేదా? ఇవన్నీ మగాళ్ళ చెవిన వేసే మాటలు కావు. వాడసలే ఏ రోజుకారోజు ఆర్డర్లతో చస్తున్నాడు."

ఆమె వినింది. వినడం ఆమెకు అలవాటు. రాత్రిళ్ళు భర్త పక్కన పడుకోవడం మానేసి పక్కగదిలో చాప వేసుకుంది. దగ్గరికి వస్తే నొప్పి, ఆ తర్వాత రక్తం, ఆ సంగతి నోటితో ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు. మేస్త్రి దాన్ని మరోలా అర్థం చేసుకున్నాడు. వయసు మళ్ళాక తన మీద విసుగు పుట్టిందనుకున్నాడు. అడిగి చిన్నబోవడం ఎందుకని ముందుగదికి మారాడు. ఇలా ఒకే కప్పు కింద ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటున్నామనుకుంటూ ఒకరికొకరు దూరమయ్యారు.

ఒకనాడు వీధిలోకి నర్సులు వచ్చారు. వీధి మొదట్లో సంఘం గది ఉంది. అక్కడ ఆడవాళ్ళకు గర్భసంచి ముఖద్వారం పరీక్ష చేస్తున్నామని, దూదిపుల్లతో తుడిచి చూడటమే తప్ప కోత లేదని, నొప్పి ఉండదని గుమ్మం గుమ్మానికీ చెప్పుకుంటూ షెడ్డులోకి కూడా వచ్చారు.

మేస్త్రి భార్య ముందున్న రబ్బరు గుడ్డ విప్పి కొక్కేనికి తగిలించింది. చేతులు కడుక్కుంది.

"ఎక్కడికే?" అంది ఆడబిడ్డ.

"ఊరికే చూపించుకొస్తాను వదినా. పొరుగావిడా వెళ్ళింది."

"పొరుగావిడకు సిగ్గులేకపోతే నీకూ ఉండదా? వీధంతా ఆ గది ముందే నిలబడి ఉంది. రేపు ప్రతివాడూ ఏమైంది ఏమైంది అని అడుగుతాడు. ఊరి బట్టలు మనం ఉతుకుతాం గానీ, మన బట్టలు ఊరిచేత ఉతికిస్తామా?"

మడత బల్ల దగ్గర చేతులు ఆగిపోయాయి. మేస్త్రి బాయిలర్ పక్కనే ఉన్నాడు. ఆయనకు ప్రతి మాటా వినిపించింది. భార్య ఆయన వంక చూసింది. ఆ చూపులో ఏముందో అర్థం కానంత అమాయకుడు కాడు ఆయన. అయినా బాయిలర్ మీది ముల్లు వంక తిరిగి, అది సరిగ్గా ఉందో లేదో చూస్తున్నట్టు నిలబడ్డాడు. ముల్లు సరిగ్గానే ఉంది.

ఆమె రబ్బరు గుడ్డ తీసి మళ్ళీ కట్టుకుంది.

'వెళ్ళు' అన్న ఒక్క మాట ఆయన నోట వచ్చి ఉంటే ఈ కథ ఇక్కడితో ఆగిపోయేది. రాలేదు.

ఆ తర్వాత ఏడాది తిరిగేసరికి ఆమె సగమైంది. ఆకలి పోయింది. కాళ్ళు వాచాయి. బట్టలకు రక్తంతో పాటు నీరూ, ఆ నీటికి వాసనా వచ్చాయి. ఆమె ఫినాయిలు కలిపిన నీళ్ళతో గదిని పదేపదే తుడిచేది. ఫినాయిలు వాసన వస్తోందంటే దాని కింద ఇంకేదో వాసన ఉందని లాండ్రీవాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా ఎవరూ చెప్పుకోలేదు.

సెలవులకు వచ్చిన కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది. తల్లి మడిచిన తువ్వాలు మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుని ఉంది.

"అమ్మా, ఎన్నాళ్ళ నుంచి?"

"ఏంటే ఎన్నాళ్ళ నుంచి? రాగానే పంతులమ్మలా ప్రశ్నలు మొదలుపెట్టావు."

"నా మొహం చూసి చెప్పు."

తల్లి చూడలేదు. కూతురు బ్యాగు అక్కడే వదిలేసి షెడ్డులోకి నడిచింది. యంత్రాలు తిరుగుతున్నాయి. వాటి మోతను మించి వినపడేలా, పనివాళ్ళందరి ముందే అడిగింది.

"నాన్నా, అమ్మకు రక్తం పోతోంది. నీకు తెలుసా?"

మేస్త్రి మొహం కందిపోయింది. "మెల్లగా మాట్లాడు. మీ అమ్మ నాకేం చెప్పలేదు."

"చెప్పిందా అని నేను అడగలేదు. తెలుసా అని అడిగాను."

మేనత్త కల్పించుకుని "ఆడపిల్లవి, నలుగురిలో ఏం మాటలవి?" అంది.

"ఆడమాటలు ఆడపిల్లే మాట్లాడాలత్తా. మీరు మాట్లాడి ఉంటే నాకీ పని తప్పేది."

మర్నాడు తల్లిని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళింది. మేస్త్రి వెంట వెళ్ళాడు. అక్కడి డాక్టరు పరీక్షించి, చిన్న ముక్క తీసి పంపింది. అది గర్భసంచి ముఖద్వారం కేన్సరని తేలింది. ఎంత పెరిగింది, ఎటు పాకింది అన్నది తెలియాలంటే ఎమ్మారై తీయాలన్నారు.

స్కానింగు విభాగం ఆసుపత్రి అడుగు అంతస్తులో ఉంది. కిటికీలు లేని నడవా, గోడవారగా కుర్చీలు, బరువైన తలుపు. ఒంటి మీద లోహపు ముక్క ఏదీ ఉండకూడదని టెక్నీషియను చెప్పాడు. పిన్నులు తీశారు. వేలి ఉంగరం మాత్రం రాలేదు. సోడానీళ్ళలో నాని నాని వేలు ఉబ్బింది. మేస్త్రి సబ్బు అడిగి తెచ్చి, భార్య చెయ్యి తన చేతిలోకి తీసుకుని, నురగ పట్టించి, మెల్లగా తిప్పి తిప్పి తీశాడు.

"ఎన్నాళ్ళకు పట్టుకున్నావయ్యా నా చెయ్యి" అంది ఆమె నవ్వుతూ. ఆయన నవ్వలేదు. మడత నలుగుతుందని కాదు.

తలుపు తెరవగానే లోపలి యంత్రాన్ని చూసి ఆమె టెక్నీషియనుతో అంది. "ఇందులోకా నాయనా? మా బాయిలరంత ఉంది. నన్నూ ఉతికి ఆరేస్తారా ఏంటి?"

"వేడి ఉండదమ్మా. చప్పుడే. భయమేస్తే ఈ రబ్బరు బుడగ నొక్కండి, వచ్చేస్తాను. కదలకుండా పడుకోవాలి, అంతే."

"పడుకోవడానికి భయమెందుకు? పెళ్ళయ్యాక పట్టపగలు పడుకోమన్నవాడివి నువ్వొక్కడివే."

యంత్రం చాలాసేపు కొట్టుకుంది. సుత్తితో రేకు మీద మోదినట్టు, తర్వాత రంపం కోసినట్టు, మళ్ళీ సుత్తి. ఆమె బుడగ నొక్కలేదు. నొక్కే అలవాటే ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు.

మేస్త్రి నడవాలో నిలబడలేక అటూ ఇటూ తిరుగుతూ కంట్రోలు గది గుమ్మం దగ్గరకు వచ్చాడు. లోపల తెర మీద బూడిదరంగు బొమ్మలు కదులుతున్నాయి. ఒక బొమ్మలో చుట్టూ మసకగా ఉన్నా, నడుమ ఒకచోట తెల్లగా, ఉతికి నీలం పెట్టిన గుడ్డలా మెరుస్తోంది. ఆయన గుండె కుదుటపడింది. జీవితమంతా తెలుపు కోసం పాటుపడిన మనిషి. మరక అంటే నల్లగా, ఎర్రగా, పచ్చగా ఉంటుంది. తెలుపు అంటే మరక పోయిందని లెక్క.

కూతురి దగ్గరికి వచ్చి "ఏం లేదే. నా కళ్ళతో నేను చూశాను. లోపల తెల్లగా ఉంది" అన్నాడు. ఆగకుండా ఇంటికి ఫోను చేసి అక్కకు కూడా చెప్పాడు. "భయం లేదక్కా. తెల్లగా మెరుస్తోంది." అవతల ఆమె దేవుడికి దండం పెట్టుకుంది.

కాసేపటికి స్కానింగు డాక్టరు వాళ్ళను లోపలికి పిలిచింది. తల నెరిసిన మనిషి. తొందరపడకుండా, దాచకుండా మాట్లాడే మనిషి. మేస్త్రి భార్య కూడా కుర్చీ జరుపుకుని కూర్చుంది. బయట కూర్చోమని కూతురు అనబోతే డాక్టరు ఆపింది. "ఒళ్ళు ఆవిడదమ్మా. ఆవిడే వినాలి."

"తెల్లగా ఉందండి, చూశాను" అన్నాడు మేస్త్రి ముందుగానే.

డాక్టరు ఆయన వంక ఒక్క క్షణం చూసింది. "అదే జబ్బు, మేస్త్రిగారూ."

ఆయనకు అర్థం కాలేదు.

"మన ఒంట్లో నీళ్ళు ఒకచోట నిలబడవు. కణాల సందుల్లోంచి అటూ ఇటూ కదులుతూనే ఉంటాయి. ఆ కదలికను చూసే పద్ధతి ఇది, డిఫ్యూజన్ అంటాం. ఆరోగ్యంగా ఉన్నచోట సందులుంటాయి, నీళ్ళు తిరుగుతాయి. కేన్సరు కణాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ కిక్కిరిసి పెరుగుతాయి. నీళ్ళకు దారి దొరకదు, అక్కడక్కడే చిక్కుకుంటాయి. అలా చిక్కుకున్న చోటు ఈ బొమ్మలో తెల్లగా వెలుగుతుంది. లెక్కకట్టి తీసిన ఈ రెండో బొమ్మలో అదే చోటు నల్లగా ఉంది, చూడండి. ఒకదానిలో తెలుపు, రెండోదానిలో నలుపు, రెండూ ఒకేచోట పడితే ఇక అనుమానం ఉండదు."

మేస్త్రి తెర వంక చూస్తూ ఉండిపోయాడు. ఆయన భార్య ముందుకు వంగి చూసింది.

"ఉన్ని కంబళి ముద్దకట్టినట్టుంది కదమ్మా" అంది. "వేడినీళ్ళలో వేస్తే అలాగే బిగుసుకుపోతుంది. నీళ్ళు లోపలికి పోవు, బయటికి రావు."

"అలాగే ఉంటుందమ్మా" అంది డాక్టరు.

కూతురు అడిగింది. "ముక్క తీసి చూశారు కదండీ. మళ్ళీ ఇదెందుకు?"

"ముక్క జబ్బు పేరు చెబుతుంది. ఇది దాని గుణం చెబుతుంది. ఎంత ఒత్తుగా ఉంది, ఎంతవరకు పాకింది, రేపు వైద్యం మొదలయ్యాక లొంగుతోందా లేదా... కణాలు చచ్చేకొద్దీ సందులు పడి నీళ్ళు మళ్ళీ కదులుతాయి. గడ్డ కుదించుకోకముందే ఆ కదలిక మాకు కనిపించవచ్చు."

"కోసి తీసెయ్యరా?" అన్నాడు మేస్త్రి.

"ముఖద్వారం దాటి పక్కలకు పాకిందండి. ఈ మూల చూడండి, కిడ్నీ నుంచి వచ్చే గొట్టాన్ని నొక్కుతోంది. కోసే దశ దాటిపోయింది. రేడియేషను ఇస్తారు, దాంతోపాటు మందు ఎక్కిస్తారు."

"ముందే తీసుకొచ్చి ఉంటే?" కూతురు తండ్రి వంక చూడకుండానే అడిగింది.

"పాకకముందు వస్తే కోసి తీసేవాళ్ళు. అసలు పుండుగా మారకముందే వచ్చి ఉంటే ఈ యంత్రంతో పనే ఉండేది కాదు. దూదిపుల్లతో తుడిచి పరీక్ష చేసి, చిన్న వైద్యం చేసి, ఆ పూటే ఇంటికి పంపేసేవాళ్ళు. ఈ జబ్బు రాత్రికి రాత్రి వచ్చేది కాదమ్మా. ఏళ్ళ తరబడి తలుపు తడుతుంది."

సంఘం గది, నర్సులు, కొక్కేనికి తగిలించిన రబ్బరు గుడ్డ ముగ్గురిలో ఇద్దరికి గుర్తొచ్చాయి. మూడో మనిషికి ఆ సంగతి తెలియదు. తెలియనివ్వకూడదని తల్లి కూతురి మోకాలి మీద చెయ్యి వేసి "పద, ఆకలేస్తోంది" అంది.

వైద్యం మొదలైంది. ఆమె జుట్టు పలచబడింది, తిన్నది ఇమడలేదు, చర్మం కమిలింది. వార్డులో పక్క మంచాలవాళ్ళ మీద జోకులు మాత్రం మానలేదు. సగం వైద్యం అయ్యాక మళ్ళీ స్కాను తీశారు. మేస్త్రి ఆ ఉదయం నుంచే నడవాలో ఉన్నాడు. కనిపించిన ప్రతివాళ్ళనూ, టెక్నీషియనును, నర్సును, ఆఖరుకి తలుపు దగ్గరి కాపలావాణ్ణి కూడా "నీళ్ళు కదులుతున్నాయా?" అని అడిగాడు. అడగడం ఆయనకు అప్పుడు వచ్చింది.

"నడుమ భాగంలో కదులుతున్నాయి" అంది డాక్టరు. "మందు అక్కడ పనిచేస్తోంది." ఆయన చేతులెత్తి దండం పెట్టబోయాడు. ఆమె మాట పూర్తి కాలేదు. "ఈ అంచు మాత్రం అలాగే ఉంది. ఏమాత్రం సడలలేదు. చూద్దాం."

ఆ అంచే ఆమెను తీసుకుపోయింది. వైద్యం పూర్తయి, కొన్నాళ్ళు తేరుకున్నట్టు కనిపించి, అక్కడి నుంచే మళ్ళీ పాకింది. ఈసారి రెండు కిడ్నీలకూ అడ్డం పడింది.

ఆఖరిసారి వార్డులో ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం, కూతురు మందుల కోసం వెళ్ళిన వేళ, మేస్త్రి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చాలాసేపు దుప్పటి అంచు సర్దాడు. ఆసుపత్రి దుప్పటి సరిగ్గా ఉతకలేదని ఆయన కళ్ళు చెబుతున్నాయి. ఆ మాట పక్కన పెట్టి, బతుకులో మొదటిసారి ఆమెను అడిగాడు.

"నాకెందుకు చెప్పలేదే?"

ఆమె కళ్ళు తెరిచింది. కోపం లేదు. కోపానికి ఓపిక కావాలి.

"నీకు తెలుసనుకున్నానయ్యా."

"నాకెలా తెలుస్తుంది?"

"ఉప్పు తెచ్చావుగా."

ఆయన చెయ్యి దుప్పటి మీదే ఆగిపోయింది.

"నేనడక్కుండానే అంత సంచి తెచ్చి గడపలో పెట్టావు. ఆ రోజు ఎంత ధైర్యమొచ్చిందో నాకు. మరకల సంగతి నీకంటే తెలిసినవాడు ఎవడున్నాడు ఊళ్ళో? నువ్వు చూసి కూడా ఊరుకున్నావంటే ఇది పెద్దదేం కాదు, ఉప్పుతో పోయేదేననుకున్నాను." ఊపిరి కోసం ఆగింది. "నీ మీద నమ్మకంతోనే ఊరుకున్నాను."

ఆమె తిట్టి ఉంటే ఆయన భరించేవాడు. ఈ మాటకు మాత్రం జీవితాంతం బదులు వెతుక్కోవాలి, దొరకదు. మొహం చేతుల్లో దాచుకున్నాడు. పక్క మంచం మీదామె అటు తిరిగి పడుకుంది.

ఆ వారంలోనే ఆమె పోయింది.

ఆసుపత్రి కాగితాల పని ముగించి బయటికి వస్తుంటే మేస్త్రి కాళ్ళు వాటంతటవే అడుగు అంతస్తుకు దిగాయి. స్కానింగు డాక్టరు నడవాలో ఎదురైంది. సంగతి తెలిసినట్టుంది, ఆగింది.

"తప్పు నాదేనా డాక్టరమ్మా?"

మంచి మాట చెప్పి పంపేయవచ్చు. చాలామంది అదే చేస్తారు. ఆమె చేయలేదు.

"జబ్బు మీవల్ల రాలేదు. ఆలస్యం మీవల్లే" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మీ ఒక్కరివల్లే అనను. రోజూ ఇక్కడికి వచ్చే బొమ్మల్లో సగం ఆలస్యాన్నే చూస్తుంటాను. ఏటేటా ఈ యంత్రం చూపు మెరుగవుతోంది మేస్త్రిగారూ. ఎంత మెరుగైనా ఇంట్లోంచి గడప దాటి వచ్చినవాళ్ళనే చూస్తుంది. ఇంట్లో ఇంకా ఆడవాళ్ళున్నారా?"

"అక్క ఉంది. షెడ్డులో పనివాళ్ళున్నారు."

"వాళ్ళను అడిగారా?"

ఆయన తల దించుకుని బయటికి నడిచాడు.

ఇంటికి వచ్చినవాళ్ళ ముందు అక్క కళ్ళు తుడుచుకుంటూ "దాని రాత అలా ఉంది, మనమేం చేస్తాం" అంది.

"రాత కాదక్కా" అన్నాడు మేస్త్రి. "రాతైతే చెరపలేం. ఇది చెరిపితే పోయేది. నువ్వూ నేనూ చూస్తూ కూర్చున్నాం." ఆమె ఏడుపు పెద్దదైంది. ఆయన ఓదార్చలేదు.

కొన్నాళ్ళకు ఆయనే ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి నర్సులను వెంటబెట్టుకొచ్చాడు. సంఘం గదికి కాదు, షెడ్డుకు. లోపలి గది ఖాళీ చేయించి, కిటికీకి శుభ్రమైన దుప్పటి కట్టించాడు. బాయిలర్ ఆపించాడు. యంత్రాలు ఆగితే ఆ షెడ్డు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో పనివాళ్ళకు ఆ రోజే తెలిసింది.

"నా భార్య ఎలా పోయిందో మీకు తెలుసు" అన్నాడు. గొంతు ఎప్పటిలాగే బిర్రుగా ఉంది. "ఆవిడకు రక్తం పోతుంటే చూసి ఊరుకున్నాను. నర్సమ్మ దగ్గరకు వెళ్తానంటే విని ఊరుకున్నాను. మీ ఇళ్ళలో మగాళ్ళు అడుగుతారో లేదో నాకు తెలియదు. నేను అడుగుతున్నాను. ఎవరికి ఏం ఉన్నా లోపల నర్సమ్మకు చెప్పండి. ఏమీ లేకపోయినా వెళ్ళండి."

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూటల బండి తోలే ఆయన గుమ్మంలోంచి "ఆడాళ్ళ సంగతులు మనకెందుకు మేస్త్రీ, వాళ్ళే చూసుకుంటారు" అని ఇకిలించాడు.

"వాళ్ళు తెచ్చిన కూడు తినడానికి పనికొచ్చావు గదరా. ఈ సంగతికెందుకు పనికిరావు?" అన్నాడు మేస్త్రి. గుమ్మంలో నవ్వు ఆగిపోయింది.

"ఒరేయ్ తమ్ముడూ, మగాళ్ళ మధ్య ఈ మాటలేంట్రా? మతి పోయిందా నీకు?" అంది అక్క.

"మతి ఉన్నప్పుడే కదక్కా ఇంట్లో మనిషి పోయింది. లే, ముందు నువ్వు పద."

"నాకేం లేదురా..."

"లేదని నువ్వెలా చెబుతావు? అదీ ఏం లేదన్నట్టే తిరిగేది."

ముసలామె తమ్ముడి మొహం చూసింది. అందులో బతిమాలడం లేదు. బల్ల పట్టుకుని లేచింది. లోపలి గది దాకా వెళ్ళి, గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే "నాకూ కొన్నాళ్ళ నుంచి తెల్లబట్ట అవుతోంది. చెప్పడానికి మొహం చెల్లలేదు" అంది. తలుపు మూసుకుంది. ఆమె వెనకాల పొట్టామె లేచింది. ఆ వెనకాల మిగతావాళ్ళు.

అక్కకు ఏమీ లేదని తేలింది, చిన్న మందుతో పోయేదే. పొట్టామెకు మాత్రం ముఖద్వారం మీద అనుమానపు మచ్చ కనిపించింది. అది ఇంకా కేన్సరు కాలేదు. ఆసుపత్రికి వెళ్ళి ఆ పూటే వైద్యం చేయించుకుని ఇంటికి వచ్చింది. స్కానింగు యంత్రం మొహం చూడవలసిన పని ఆమెకు పడలేదు.

దీంతో గంజి మేస్త్రి తప్పు కడుక్కుపోయిందని ఎవరూ అనుకోనక్కర్లేదు. ఆయనా అనుకోలేదు. కూతురు సెలవులకు రావడం తగ్గించింది. వచ్చినా తండ్రితో పనికి కావలసినంతే మాట్లాడుతుంది. అక్క ఇప్పటికీ చాటుగా రాత అనే అంటుంది. ఒకరిని బతికించినంత మాత్రాన, చూస్తూ చూస్తూ పోగొట్టుకున్న ఇంకొకరు తిరిగిరారు.

ఇది చదివేవాళ్ళు మేస్త్రిని తిట్టుకుని పేజీ తిప్పేస్తే ఈ కథ దండగ. ఆసుపత్రి కాగితంలో చావుకు కారణం కేన్సరని రాస్తారు. సిగ్గు అని ఎవరూ రాయరు, మర్యాద అని రాయరు, అందుకే అవి మనుషుల్ని చంపుతాయని మనకింకా తెలియదు. ముట్టు ఆగినాక మళ్ళీ రక్తం కనిపించినా, ముట్టుకూ ముట్టుకూ నడుమ కనిపించినా, భర్త పక్కన పడుకున్నాక కనిపించినా, అది ఆ ఒక్క ఆడమనిషి దాచుకోవలసిన రహస్యం కాదు. ఆ ఇంట్లో ప్రతివాళ్ళూ ఆ రోజే నోరు తెరిచి అడగవలసిన మాట.